మద్రాసుకి సైకిలు

నూజివీడు, 1948, వేసవి. మామిడికాయల వర్తకుల ఇంట్లో, పొద్దున్నే. సైకిలు మీద మద్రాసు ప్రయాణమైన వీరభద్రరావుకి, విధవరాలైన వదిన పుష్పావతి సంచీ సర్దుతోంది.

“ఇంక మామిడి తాండ్ర పెట్టకు వదినా, బరువు.”

“తినకపోతే దారిలో ఎవరికైనా పెట్టు. గాలి పంపు ఏది?”

“సైకిలుకి కట్టేశా.”

“ట్యూబులు? అంటించే సొల్యూషను?”

“ఆ డబ్బాలో ఉన్నాయి.”

“మరచెంబు మూత అలాగేనా బిగించేది? ఇలా ఇయ్యి. రాత్రి మళ్ళీ పట్టేసిందా?”

“ఏంటి?”

“ఏంటి అంటావేంటి. గుండె.”

“మెల్లగా. వీధిలో సైకిలు షాపు పున్నయ్య ఉన్నాడు.”

“పట్టేసిందా, లేదా?”

“కాస్త. కాస్తే వదినా. వాము నమిలా, తగ్గింది.”

“మొన్న మైలవరం దాకా తొక్కి దారిలో పడిపోతే మన బండి తోలే పరదేశి నిన్ను వేసుకొచ్చాడు. డాక్టరుగారు సైకిలు ముట్టుకోవద్దన్నారు. ఎవరికీ చెప్పొద్దని వాడికీ నాకూ ఒట్టు పెట్టావు.”

“ఇప్పుడవన్నీ ఎందుకు?”

“మీ అన్నయ్యా ఇంతే. కాస్త అన్నారు, వాము నమిలారు, తెల్లారేసరికి లేరు. నాకు భయంగా ఉంది భద్రం.”

“నాకు మాత్రం లేదా? రాత్రంతా కన్ను మూస్తే ఒట్టు.”

“అయితే మానెయ్.”

“ఎలా మానను? నూజివీడు రసం తాగినోడు మద్రాసు దాకా తొక్కలేడా అని బజార్లో కూసింది నేనేగా. కాయల కొట్లవాళ్ళంతా బాజాలు పెట్టారు, దండలు తెచ్చారు. ఇప్పుడు గుండెనొప్పంటే ఎవరు నమ్ముతారు? పిరికోడు, వంక పెట్టాడంటారు. చచ్చేదాకా అంటారు.”

“చచ్చేదాకా అంటే ఎంత దూరమని? నెల్లూరు దాకానా?”

“అలా అనకు వదినా.”

“బాబుగారూ, పున్నయ్యనండీ. వేళైంది. ముత్తైదువ మంగమ్మగారు పసుపూ కుంకంతో, నీళ్ళబిందెతో వచ్చారు. మీరు గడప దాటగానే ఎదురొస్తారు.”

“వస్తున్నా పున్నయ్యా.”

“అమ్మగారూ, తమరేమనుకోకండి. బాబుగారు వీధి మలుపు తిరిగేదాకా కాస్త పెరట్లో...”

“నాకు తెలీదా పున్నయ్యా. విధవ ఎదురైతే ఎంతటి ప్రయాణమైనా ఆగిపోవాల్సిందేగా. ఈ ఇంట్లో ఎవరు బయల్దేరినా నేను పెరట్లోనే ఉంటా.”

“పున్నయ్యా, ఆవిణ్ణి అలా...”

“వాణ్ణేమీ అనకు భద్రం. సంచీ తీసుకో. కుడికాలు ముందు పెట్టు.”

“వెళ్ళొస్తా వదినా.”

“ఊఁ.”

“జరగండి, జరగండి. దండలు తర్వాత. బాబుగారూ, సైకిలెక్కండి. మంగమ్మగారూ, తమరు రండి, నెమ్మదిగా, బిందె తొణక్కుండా. అదేంటి? పెరటి సందులోంచి వస్తున్నదెవరు? అమ్మగారూ, ఆగండి. ఆగండమ్మా, మీకు దణ్ణం పెడతా.”

“వదినా, నువ్వేంటి ఇక్కడ?”

“బాజా ఆపండ్రా. ఎంత పని చేశారమ్మా, సరిగ్గా సైకిలుకి ఎదురొచ్చి నిలబడ్డారు. తెలిసి తెలిసి వచ్చారే. ఇంక ఈయన్ని ఎవరు వెళ్ళనిస్తారు? ఊరంతా మిమ్మల్ని ఏమంటుందో తెలుసా?”

“నన్నంటుంది పున్నయ్యా, వాణ్ణి అనదుగా. భద్రం, సైకిలు లోపల పెట్టు.”