ఎర్రగీత దాటిన ముల్లు

కారు ఇంజిన్‌కు మూతలాంటి సిలిండర్ హెడ్డును లేతు మిషన్‌కు పంపి వంపు తీసి సాపు చేయించాలా, దాని కింద కొత్త గ్యాస్కెట్ పొర వేసి బిగించెయ్యాలా అని మెకానిక్ అడిగి వెళ్లాడు. షెడ్డు బెంచీ మీద భార్యాభర్తలు మిగిలారు.

"పాలు పొంగితే ఇల్లెగిరిపోయేలా అరుస్తారు. కారు పొగలు కక్కితే మాత్రం మా ఆయనకి చీమ కుట్టినట్టైనా ఉండదు," అంది భార్య, ఎవరితోనో అన్నట్టు.

"గ్యాస్కెట్ వేయించేద్దాం, లేతంటే రోజులు పడతాయి. చెల్లికి నెలలు నిండాయి, కారు ఇంటి దగ్గరుండాలి."

"వంగిన కుక్కర్ మూతకి కొత్త రబ్బరు వేస్తే ఆవిరి ఆగుతుందా?"

"హెడ్డు వంగిందని ఎవరన్నారు?"

"వంగలేదని ఎవరన్నారు? నొప్పులు పడే పిల్లతో నడిదారిలో ఆగిపోతే? ఈలోగా టాక్సీ చెప్పుకుందాం."

భర్త విప్పిన ఇంజిన్ వైపు తిరిగాడు.

"ఇంజిన్ వేడి చూపే ముల్లు ఎర్రగీత దాటిందని నువ్వు చెప్పావు. నేనేమో మీటరు మీద వేలితో కొట్టి, ఇదెప్పుడూ ఇంతే అన్నాను. తప్పు నాదే. లేతుకు పంపమను."