మూడున్నర టన్నుల మాట

"నీ లైసెన్సుకి సరిగ్గా సరిపోయే బండి అబ్బాయ్. మూడున్నర టన్నులు, అంతకు మించదు. మీరిద్దరూ, మీ సామానూ, రేపు పుట్టబోయే బిడ్డా ఎక్కినా ఇంకా చోటు మిగులుతుంది. ఇది నా మాట."

మే నెలలో క్లిఫర్డ్ ఓల్డ్‌రాయిడ్ ఇచ్చిన మాట అది. ఇస్తూ ఇస్తూ మంచం, పొయ్యి అన్నీ లోపలే ఉండే తన మోటార్‌హోమ్ పక్కను గుర్రం మెడ నిమిరినట్టు నిమిరాడు కూడా. ఆ మాట నమ్ముకుని, ఆ బండే కొని అందులో కాపురం పెడదామని, జాస్, టామ్సిన్ వేరే ఇల్లు వెతకడం మానేశారు. ఉన్న అద్దె ఇంటిని యజమాని అమ్మేస్తున్నాడు. సెప్టెంబరు ఆఖరుకి ఖాళీ చేయాలి. డిసెంబరులో బిడ్డ.

జాస్ వయసు ఇరవై ఏడు. అతని వయసువాళ్ళ లైసెన్సు మూడున్నర టన్నుల దగ్గర ఆగిపోతుంది. పంతొమ్మిది వందల తొంభై ఏడుకి ముందు పాసైనవాళ్ళకి మాత్రం, అదే మామూలు కారు పరీక్షకి, ఏడున్నర టన్నుల బండి నడిపే హక్కు ఊరికే వచ్చి చేతిలో పడింది. ఆ సంగతి గుర్తొచ్చినప్పుడల్లా జాస్‌కి ఒళ్ళు మండేది. ఇళ్ళు వాళ్ళే కొనేసుకున్నారు, పింఛన్లు వాళ్ళకే, ఆఖరికి రోడ్డు మీద బరువు మోసే హక్కు కూడా వాళ్ళదే. ఇల్లు సరుకు కాదు, హక్కు అని అతను ఊరేగింపుల్లో గొంతు పోయేలా అరిచినవాడే. ఇప్పుడు ఆ హక్కు కోసం ఒక ముసలాయన పందిరి కింద మడతకుర్చీలో కూర్చుని, చల్లారిపోయిన టీ పట్టుకుని, ఆయన కబుర్లు వింటున్నాడు.

ఆగస్టు ఆఖరి సెలవులకి యార్క్‌షైర్ తీరంలో మోటార్‌హోమ్ క్లబ్బువాళ్ళంతా ఒక గొర్రెల పొలంలో బండ్లు వరసగా నిలుపుకుంటారు. పొద్దున్నించి వాన. ఓల్డ్‌రాయిడ్ బండికి కట్టిన పందిరి కింద అయిదుగురు చేరారు: ఆయన, ఆయన భార్య ఆవ్రిల్, పక్క బండి హెడ్లీ, జాస్, టామ్సిన్. బండి బేరం ఖాయం చేసుకుందామని జాస్ వచ్చాడు. "ఖాళీ బండి బరువెంతండీ?" అని ఒక్కమాట అడిగాడు. అంతే, ఆయనకి కథ దొరికింది.

"బరువు సంగతి నాకా చెప్తున్నావు? విను. మొన్న విట్బీ వెళ్తుంటే దారిలో పోలీసు చెయ్యెత్తి ఆపాడు, కాటా మీదికి ఎక్కించమన్నాడు, ఎక్కించాను, ముల్లు ఎక్కడ ఆగిందనుకున్నావ్? మూడు వేల అయిదు వందల మీద. మీద అంటే మీద. ఒక చెంచా ఎక్కువైతే నా పని అయిపోయేది. ఆ పోలీసు టోపీ తీసి, అయ్యా, పాతికేళ్ళ నౌకరీలో ఇంత కచ్చితమైన మనిషిని చూడలేదు అన్నాడు."

"టోపీ తీశాడా, వానలో?" అన్నాడు హెడ్లీ.

"ఎండ కాస్తోందయ్యా ఆరోజు."

"విట్బీలో?"

"నన్ను చెప్పనిస్తావా? ఆ కచ్చితం ఊరికే రాలేదు అబ్బాయ్. మొదట స్పేర్ చక్రం తీసేశాను. పంక్చరనేది భయపడేవాడికే పడుతుంది. తర్వాత రెండో గ్యాస్ సిలిండరు. తర్వాత నీళ్ళ ట్యాంకు ఖాళీ. ప్లేట్లన్నీ ఇచ్చేసి ఒకే ప్లేటు ఉంచుకున్నాం, నేను ఒక వైపు తింటే ఆవ్రిల్ ఇంకో వైపు తింటుంది. పళ్ళు తోముకునే బ్రష్షుల పిడులు కోసేశాను. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

జాస్ అప్పటిదాకా విన్నదే లెక్కపెట్టుకుంటున్నాడు. స్పేర్ చక్రం లేదు, సిలిండరు లేదు, నీళ్ళు లేవు. ఇవన్నీ తీసేస్తే గానీ ముల్లు మూడున్నర దగ్గర ఆగలేదని ఈయన నోటితోనే అంటున్నాడు. మరి ఉయ్యాల ఎక్కడ పెట్టాలి? తన పుస్తకాల పెట్టెలు? టామ్సిన్ వంక చూశాడు. ఆమె పొట్ట మీద చెయ్యి వేసుకుని నవ్వుతూ వింటోంది.

"స్కాట్లండ్ వెళ్ళాం. అప్పటికి బండి ఎంత తేలికైపోయిందంటే, కొండ మీద గాలి వీస్తే అటూ ఇటూ ఊగుతోంది. నేను స్టీరింగు వదిలేసి ఆవ్రిల్‌కి టీ కలిపి ఇచ్చాను. బండి దానంతటదే పోతోంది. పడవ రేవులో వాడు చూసి, అయ్యా ఇంత తేలిక బండిని ఎక్కించలేను, అలకి ఎగిరిపోతుంది, నాలుగు రాళ్ళు వేసుకుని రండి అన్నాడు. నేను ఒప్పుకుంటానా? రాళ్ళు వేస్తే మూడున్నర దాటుతుంది, చట్టం చట్టమే అన్నాను. చివరికి ఇద్దరు నావికులు బండి రెండు పక్క అద్దాలు పట్టుకుని సముద్రం దాటేదాకా వేలాడారు."

"వాళ్ళ బరువు లెక్కలోకి రాదా మరి?" హెడ్లీ అడిగాడు.

"వేలాడేవాళ్ళ బరువు రాదు. లోపల కూర్చున్నవాళ్ళదే వస్తుంది. ఇది కూడా తెలియకుండా ఇన్నేళ్ళు బండి నడిపావా హెడ్లీ?"

టామ్సిన్ పగలబడి నవ్వింది. జాస్ కూడా నవ్వబోయి ఆగిపోయాడు. నవ్వితే ఒప్పుకున్నట్టవుతుందనిపించింది.

"అసలు కథ స్పెయిన్‌లో. ఎండకి టైర్లలో గాలి వేడెక్కి పొంగింది, పొంగిన గాలి బండిని లేపింది, జానెడెత్తు లేచింది అబ్బాయ్, నేను చక్రాల కింద చెయ్యి పెట్టి చూశాను. అలాగే తేలుకుంటూ కొండలు దాటాం. కింద గొర్రెల కాపర్లు మోకాళ్ళ మీద కూర్చుని శిలువ గీసుకుంటున్నారు. ఒక ఊళ్ళో చర్చి గోపురానికి తాడు కట్టి ఆపుకుని భోంచేశాం. ఆ తర్వాత పోలీసులు పట్టుకున్నారు. ఎందుకో తెలుసా? కాటా మీద బండి పెడితే ముల్లు సున్నా దాటి వెనక్కి పోయింది. మైనస్ పద్దెనిమిది. వాళ్ళ ఇనస్పెక్టరు కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూశాడు. మా చట్టంలో బరువెక్కితే ఏం చెయ్యాలో ఉంది గానీ, తక్కువైతే ఏం చెయ్యాలో లేదు సెన్యోర్ అన్నాడు. చివరికి తన భార్యనీ అత్తగారినీ, ఒక పందినీ తెచ్చి బండిలో కూర్చోబెడితే గానీ ముల్లు సున్నాకి రాలేదు. ఆ పందిని నాకే ఇచ్చేస్తామన్నారు, నేనే వద్దన్నాను. పక్కసీట్లో ఆవ్రిల్ సాక్షి. ఏం ఆవ్రిల్?"

ఆవ్రిల్ బంగాళాదుంపల చెక్కు తీస్తోంది. తల ఎత్తలేదు.

"నేనెప్పుడు ఎక్కాను క్లిఫ్, ఆ బండి?"

హెడ్లీ కుర్చీ ముందుకు జరుపుకున్నాడు.

"స్పెయిన్‌కి రెండు రోజులు బస్సులో వచ్చాను," అందామె, దుంప తిప్పుతూ. "రెండు పెట్టెలు, కుక్క, నీ గొడుగు కూడా నా దగ్గరే. స్కాట్లండ్‌కి రైల్లో వచ్చాను. ఇక్కడికీ రైల్లోనే వచ్చాను, స్టేషను నుంచి హెడ్లీ తీసుకొచ్చాడు. అడుగు అతన్ని."

"తీసుకొచ్చాను," అన్నాడు హెడ్లీ.

"ఆవ్రిల్, కథలో..."

"కథలో నేను ఉంటే ఉండనీ. ఈ పిల్ల బండిలో ఉండబోతోంది కదా, అందుకని చెప్తున్నాను." అప్పుడు జాస్ వైపు తిరిగింది. "అబ్బాయ్, ఈ బండికి బరువు హద్దు చెప్పే ప్లేటు ఒకటుంది, దాని మీద మొదట్లో నాలుగు టన్నులని ఉండేది. ఈయనకి పాత లైసెన్సు, డెబ్బై దాకా హాయిగా నడిపాడు. డెబ్బై నిండాక మూడున్నర దాటిన బండి నడపాలంటే డాక్టరు చూసి సరేననాలి. కళ్ళ పరీక్ష అంటే ఈయనకి భయం. వెళ్ళలేదు. కాగితాలు పంపించి ప్లేటు మీద అంకె మార్పించుకున్నాడు. కొత్త స్టిక్కరు వచ్చింది, మూడున్నర అని. ఆరోజు ఇంటికి కేకు తెచ్చాడు, బండి అర టన్ను తగ్గిందని. నేను వెళ్ళి లోపల చూశాను. ఒక చెంచా కూడా తీయలేదు. ఆ ఓవెన్ అక్కడే ఉంది, ఆ మంచం అక్కడే ఉంది. ఆ తర్వాత ఒకసారి కాటా వేయిస్తే తెలిసింది, ఆయన ఎక్కితే ఇంక నాకు చోటు లేదని."

జాస్‌కి ఒక్కసారిగా అంతా అర్థమైంది. బండి బరువు అలాగే ఉంది. దాని మీద ఎంత ఎక్కించొచ్చో ఆ హద్దు మాత్రం కిందికి దిగింది. తన లైసెన్సుకి సరిపోవడానికి ఎవరూ బండిని తేలిక చేయలేదు, లోపల మనుషులకి ఉన్న చోటుని కోసేశారు. ఆ కోసేసిన చోటులో టామ్సిన్ ఉంది, బిడ్డ ఉంది. ప్లేటుని మళ్ళీ నాలుగుకి మారిస్తే బండి బాగానే ఉంటుంది, అప్పుడు తను దాన్ని ముట్టుకోవడానికి లేదు. ఖాళీగా నడిపినా లేదు. అతను పెద్ద లైసెన్సు పరీక్ష పాసయ్యే లోపు ఉన్న ఇల్లు పోతుంది.

"క్లిఫ్, ఆ ఇనస్పెక్టరు అత్తగారికి ఉన్న చోటు మీ ఆవిడకి లేకపోయిందా?" అన్నాడు హెడ్లీ. ఎవరూ నవ్వలేదు.

"మరి నేనూ రైల్లోనే రావాలా?" టామ్సిన్ మెల్లగా అడిగింది. ఆమె నవ్వు ఎప్పుడు పోయిందో జాస్ చూసుకోలేదు.

"ఎందుకమ్మాయ్ అంత భయం?" ఓల్డ్‌రాయిడ్ మొహం ఎర్రబడింది. "ఎవరు ఆపుతారు? రెండేళ్ళుగా నడుపుతున్నాను, ఒక్క పోలీసూ ఒక్కసారీ ఆపలేదు."

అన్నాక తన మాట తనకే వినపడింది. టీ కప్పులోకి చూసుకున్నాడు. టోపీ తీసిన పోలీసూ, కళ్ళజోడు తుడుచుకున్న ఇనస్పెక్టరూ ఆ వానలో ఎటో వెళ్ళిపోయారు.

జాస్ లేచి నిలబడ్డాడు. ఒక పెద్ద ఉపన్యాసం అతని నోటిదాకా వచ్చింది. దోచుకున్న తరం, దోపిడీకి గురైన తరం, రోడ్డు ప్రజలది, అన్నీ వరసగా సిద్ధంగా ఉన్నాయి. ఎదురుగా చూస్తే డెబ్బై రెండేళ్ళ మనిషి, కళ్ళ డాక్టరుకి భయపడి, భార్యని రైలెక్కించి, ఒంటరిగా దేశాలు తిరిగినవాడు. నినాదాలేవీ ఆ మనిషికి తగలడం లేదు. కోపం మాత్రం తగ్గలేదు. ఎందుకంటే ఆ భయానికి అద్దె కట్టబోయేది టామ్సిన్.

"ఓల్డ్‌రాయిడ్ గారూ," అన్నాడు. "మిమ్మల్ని పోలీసు ఆపాడా లేదా నాకనవసరం. ఏదైనా అయితే ఇన్సూరెన్సువాడు డబ్బు ఆపేస్తాడు. ఇలాంటి బండ్లు నిలుపుకునే చోటు ఒక్కటి కూడా మమ్మల్ని మూడు వారాలకి మించి ఉండనివ్వదు. అంటే మేం రోడ్డు మీదికి రావాల్సిందే, ముగ్గురం రావాల్సిందే. నాకు కథ వద్దు. నీళ్ళు నింపి, సిలిండరు పెట్టి, చక్రం పెట్టి, మేమిద్దరం లోపల కూర్చుని, ఉయ్యాల పక్కన పెట్టుకుని కాటా మీద నిలబడతాం. మీరూ పక్కన నిలబడి చూడండి."

"అబ్బాయ్, అది మూడున్నర దాటుతుందని నీకూ తెలుసు కదా..."

"నాకు తెలుసు. మీ నోటితో వినాలి. వేరే ఇల్లు చూసుకోవడానికి నాకు నాలుగు రోజులైనా మిగలాలి. ఈ బండి నాకు పనికొస్తుందో లేదో, ఒక్క మాట. లేదంటే లేదనే చెప్పండి, దానికీ నేను మిమ్మల్ని తిట్టను. మీరు చెప్పకుండా ఊరుకుంటే మాత్రం వచ్చే ఏడాది క్లబ్బు సభలో మీ మే నెల మాట నేనే నిలబడి చెప్తాను."

ఓల్డ్‌రాయిడ్ ఏదో అనబోయాడు. ఆవ్రిల్ కత్తి పక్కన పెట్టింది. "చెప్తాడు," అంది. "ఎప్పటిలోగా చెప్పాలో చెప్పు బాబూ."

జాస్ టామ్సిన్ వైపు చూశాడు. ఆమె వేళ్ళ మీద వారాలు లెక్కపెట్టి, తలూపింది.

"సెప్టెంబరు పంతొమ్మిది," అన్నాడు. "శనివారం, చీకటి పడేలోగా."