మూసిన ఇంట్లో మిగిలిన ఎండాకాలం

చలి మొదలైతే ఆ వీధిలో రెండు మూతలు తెరుచుకునేవి. ఒకటి దుప్పట్లు దాచిన ట్రంకుపెట్టెది. రెండోది పెద్దవడ్రంగి నోటిది. చలి తగ్గాక పెట్టె మూత మూసేవాళ్ళు ఇంటింటా ఉన్నారు గానీ, ఆ రెండోదాన్ని మూయగలిగినవాడు ఇంతవరకూ పుట్టలేదు.

ఆ పొద్దున దర్జీ టీకొట్టుకి వచ్చేసరికి పెద్దవడ్రంగి తన చోట తాను ఉన్నాడు. పొయ్యికి ఆనుకున్న బెంచీ చివర, మోకాళ్ళు దగ్గరికి లాక్కుని, గ్లాసును రెండు అరచేతుల మధ్య ఇరికించుకుని. పక్కన తాళాలు బాగుచేసే ఆయన కూర్చుని, పంటికింద బిస్కెట్టు నలుపుతున్నాడు.

దర్జీ కూర్చోలేదు. మర్నాడు సాయంత్రం భార్యా, పసిబిడ్డా ఆసుపత్రి నుంచి ఇంటికి వస్తున్నారు. ఇల్లంటే తన కుట్టుపని కొట్టు మీద ఒక్క గది. ఆ గదికి ఒక్క కిటికీ. దాని రెక్కలు ఎండి ముడుచుకుపోయి, మూసినా మధ్యలో వేలు దూరేంత సందు. రాత్రి తాను ఒక్కడే పడుకుంటేనే చెవులు చల్లబడుతున్నాయి. కొత్త కిటికీ మాట అటుంచి, పాత దానికి కొత్త రెక్క చేయించే స్తోమత కూడా లేదు. చేతిలో ఉన్నదంతా ఆసుపత్రివాళ్ళు ఊడ్చుకున్నారు.

"తాతా, చలిగాలి ఆపడానికి ఖర్చులేని ఉపాయం ఏదైనా ఉందా?" అన్నాడు.

తాళాలాయన బిస్కెట్టు నమలడం ఆపాడు. "అయిపోయింది. అడగకూడనివాణ్ణి అడిగావు. ఇంక కూర్చో."

"ఖర్చులేని ఉపాయమా!" పెద్దవడ్రంగి గ్లాసు కింద పెట్టాడు. "ఒరేయ్ అబ్బాయ్, పోయిన చలికాలం నేనూ మా ముసల్దీ దమ్మిడీ ఖర్చు లేకుండా ఇల్లు మూశాం. పాత పేపర్లు, పిండి ఉడికించిన జిగురు, అంతే. కిటికీ సందులకి మూడు పొరలు. పాత ప్యాంటు కాలు ఒకటి కోసి, అందులో రంపప్పొట్టు కూరి, రెండు చివరలా కట్టి, తలుపు కింద అడ్డం పడేశాను. చిరిగిన దుప్పట్లు రెండు తీసుకుని మధ్యలో పేపర్లు పరిచి కుట్టేసింది మా ముసల్ది. అయిపోయింది. చలికాలం వచ్చి తలుపు తట్టిందా? మేం తియ్యలేదు."

దర్జీ మెల్లగా బెంచీ అంచున కూర్చున్నాడు. పేపర్లు, పిండి, పొట్టు. అన్నీ దొరికేవే.

"జిగురు ఎంత చిక్కగా ఉండాలి తాతా?"

"చెప్తా, చెప్తా. ముందు గాలి పాట్లు విను. అది వచ్చింది, మా ఇంటి చుట్టూ తిరిగింది, ఒక్క సందు దొరికితే ఒట్టు. వెనక్కెళ్ళింది, ముందుకొచ్చింది, చివరికి అలిసిపోయి మా గుమ్మంలో చతికిలబడింది. పాపం అనిపించి నేనే కిటికీలోంచి, పక్కింటికి వెళ్ళవే తల్లీ, అన్నాను. వెళ్ళింది."

"కిటికీ మూశావుగా పెద్దన్నా, మాట ఎట్లా బయటికెళ్ళింది?" అన్నాడు తాళాలాయన.

"సైగ చేశాలే. మధ్యలో అడ్డు రాకు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? కొవ్వొత్తి వెలిగిస్తే మంట కదలదు. ఊగదు, వణకదు, గోడకి కొట్టిన మేకులా నిలబడింది. అంత గట్టిగా నిలబడితే ఎందుకు వృథా చెయ్యాలని చొక్కా విప్పి దానికి తగిలించాను."

"కాలలేదా?"

"మంట కదిలితే కదా కాలేది!"

కొట్టు నడిపే టీ అక్క పాలగిన్నెలో గరిటె తిప్పుతూ వింటోంది. ఆమె ముఖం ఎప్పటిలాగే ఉంది. కళ్ళు మాత్రం దర్జీ మీద ఉన్నాయి.

"ఇంతకీ అసలు సంగతి చెప్పలేదు," అని పెద్దవడ్రంగి కాళ్ళు చాపాడు. "నేను ఇల్లు మూసింది ఎప్పుడు? ఎండలు ఇంకా పూర్తిగా పోకముందే. అందుకని ఏమైందంటే, ఎండాకాలం కాస్తా లోపలే ఉండిపోయింది. బయట అందరికీ చలి, మా ఇంట్లో నడిమధ్యాహ్నం. ఈ సంగతి వీధిలో తెలిసిపోయింది. ఇంక చూడు, పొద్దున లేస్తే గిన్నెలు పట్టుకుని ఆడవాళ్ళు గుమ్మంలో వరస. వదినా, ఒక గిన్నెడు వేడి ఇవ్వండి, పిల్లాడికి స్నానం చేయించాలి, అని. మా ముసల్ది మెత్తటి మనిషి కదా, గరిటెతో కొలిచి పోసేది. మూత పెట్టుకుని పట్టుకెళ్ళండి, దారిలో ఒలికిపోతుంది, అని మరీ చెప్పేది."

"తిరిగిచ్చేవాళ్ళా?"

"కొందరు ఇచ్చేవాళ్ళు. గోరువెచ్చగా. మా కోడి ఉంది చూశావూ, అది అటక మీద గుడ్లు పెట్టేది, అటక మీద వేడి ఇంకా ఎక్కువ కదా, ఉడికిన గుడ్లే పెట్టేది. ఉప్పొకటి మనం వేసుకోవాలి. ఆ తర్వాత ఏమైందో తెలుసా? వేడి పెరిగి పెరిగి ఇల్లు ఉబ్బడం మొదలెట్టింది. ఒకనాడు పొద్దున గుమ్మం దిగబోతే కాలికి మెట్టు అందదు. చూస్తే ఇల్లు నేల మీద లేదు! మనిషెత్తు పైకి లేచిపోయింది. బట్టలారేసే తీగ తెచ్చి వీధిదీపం స్తంభానికి కట్టేశాను కాబట్టి సరిపోయింది, లేకపోతే ఈపాటికి మేమిద్దరం ఏ దేశంలో ఉండేవాళ్ళమో."

"మరి ఎట్లా దించావు?"

"బరమా తీసుకుని గోడకి సూదిమొనంత బెజ్జం పెట్టాను. కుయ్యిమని వేడి బయటికొచ్చింది. ఇల్లు మెల్లగా దిగింది. వీధి వీధంతా ఉక్క. జనం స్వెట్టర్లు విప్పేశారు. ఐసు అమ్మేవాడు బండి తోసుకుంటూ వచ్చాడు."

"నేనూ ఈ వీధిలోనే ఉన్నాను. నాకు చెమట పట్టలేదే?" అన్నాడు తాళాలాయన.

"నీకెట్లా పడుతుంది, నేను అప్పు తిరిగి అడిగినప్పుడే పట్టలేదు!"

తాళాలాయన పొలమారి దగ్గాడు. దర్జీ మాత్రం లేచాడు. "సరే తాతా, ఇల్లు లేవకపోయినా పరవాలేదు. పేపర్లూ పిండీ ఉన్నాయి. ఇవాళే అతికించేస్తా. బిడ్డ మంచం కిటికీ పక్కనే."

టీ అక్క గరిటె కింద పెట్టింది.

"బాబాయ్," అంది నెమ్మదిగా, "అంత వెచ్చటి ఇల్లు వదిలిపెట్టి, నేను పొయ్యి అంటించకముందే వచ్చి ఈ బెంచీ మీద ఎందుకు కూర్చుంటున్నావు?"

పాలు అంచుదాకా పొంగి, మళ్ళీ దిగాయి.

"వీళ్ళింట్లో పిండి జిగురు ఎలుకలు తిన్నాయట," అంది ఆమె దర్జీతో. "వారం కూడా ఆగలేదట. పిన్నే చెప్పింది. నువ్వు పసిబిడ్డ పక్కన ఎలుకలకి విందు పెట్టకు తమ్ముడూ."

తాళాలాయన పగలబడి నవ్వాడు. "ఎలుకలు ఏమయ్యాయి పెద్దన్నా, అవి కూడా పైకి లేచాయా?"

"అవి తిన్నది పేపరు," అన్నాడు పెద్దవడ్రంగి, మెడ నిక్కించి. "పొట్టు గొట్టాన్ని ముట్టలేదు. దుప్పటి ముట్టలేదు. రాసిపెట్టుకోండి." గ్లాసులో చల్లారిపోయిన టీ ఒక్క గుక్కలో తాగేశాడు. తర్వాత దర్జీ వైపు తిరిగాడు. "నీ కొట్లో గుడ్డపీలికలున్నాయా?"

"బస్తాడున్నాయి తాతా."

"మరి జిగురెందుకురా నీకు? పద. సుత్తి నా దగ్గరుంది."

మధ్యాహ్నానికల్లా పని అయిపోయింది. మందపాటి పీలికల్ని దర్జీ తాడులా చుట్టి కుట్టిచ్చాడు. పెద్దవడ్రంగి వాటిని రెక్క అంచున పెట్టి చిన్నమేకులు దిగ్గొట్టాడు. దెబ్బ దెబ్బకీ వీధంతా వినపడాలన్నట్టు కొట్టాడు. తలుపు కింద వేసే గొట్టానికి దర్జీ తన పాత ప్యాంటే కోశాడు. పొట్టు పెద్దవడ్రంగి తెచ్చాడు. చివరికి కిటికీ మూసి, కొవ్వొత్తి వెలిగించి సందు దగ్గర పట్టుకున్నాడు. మంట ఒకసారి ఇటు వంగింది, అటు వంగింది, నిలబడింది.

"చొక్కా తగిలించనా తాతా?" అన్నాడు దర్జీ.

"వద్దులే. నీది నూలు చొక్కా, కాలుతుంది."

దర్జీ నవ్వి, బస్తా వైపు చూశాడు. పీలికలు సగానికి పైగా మిగిలే ఉన్నాయి. "ఇవి మీ ఇంటికి తెస్తాను. మీ కిటికీలకీ కొట్టేద్దాం."

పెద్దవడ్రంగి సుత్తిని కండువాలో చుట్టడం మొదలెట్టాడు. ఒకసారి చుట్టి, విప్పి, మళ్ళీ చుట్టాడు.

"మా ఇంట్లో సుత్తి చప్పుడైతే నలుగురూ వింటారు," అన్నాడు చివరికి. "ఇల్లు మూసేశానని ఏడాది నుంచీ చెప్తున్నాను."

అప్పుడు అర్థమైంది దర్జీకి. వీధిలో సగం కిటికీలు చేసిన మనిషి, సొంత కిటికీలో ఒక మేకు దించలేక చలికాలమంతా పరాయి పొయ్యి దగ్గర కూర్చుంటున్నాడు. ఇంట్లో ఆవిడ ఏ పొయ్యి దగ్గర కూర్చుంటోందో అడగబుద్ధి కాలేదు.

"సుత్తి ఎందుకు తాతా? పీలికల్ని గట్టిగా మెలిపెట్టి కత్తెర మొనతో సందులోకి కుక్కేద్దాం. చప్పుడే కాదు. పొద్దెక్కాక వస్తాను, మీరు టీకొట్టు దగ్గరున్నప్పుడే. అవ్వా నేనూ చూసుకుంటాం."

పెద్దవడ్రంగి కొవ్వొత్తి ఊది ఆర్పాడు. "వెనక కిటికీతో మొదలెట్టు," అన్నాడు. "ఆవిడ మంచం అక్కడే."

మర్నాడు పొద్దున దర్జీ బస్తాతో అవ్వ దగ్గరికి వెళ్తే, ఆయన టీకొట్టు బెంచీ మీద కూర్చుని, తన సుత్తి దెబ్బకి మేకులు వాటంతటవే వరసలో నిలబడిన కథ మొదలుపెట్టి ఎంతకీ ముగించలేదు. ఆ సాయంత్రం బిడ్డ ఇంటికి వచ్చింది. ఏడవకుండా నిద్రపోయింది.

ఆ తర్వాతి పొద్దున టీ అక్క పొయ్యి అంటించింది. బెంచీ చివర ఎవరూ లేరు. పాలు కాగాయి. తాళాలాయన వచ్చాడు, దర్జీ వచ్చాడు. ఎండ బెంచీ మీదికి పాకాక పెద్దవడ్రంగి వచ్చాడు, జుట్టు చెదిరి, చెంప మీద దిండు ముడతలతో.

"ఏం బాబాయ్, ఇంత ఆలస్యం?" అంది టీ అక్క.

"లేవబుద్ధి కాలేదమ్మాయ్," అన్నాడు.

ఇంకేమైనా అంటాడేమోనని అందరూ కాసేపు చూశారు. ఆయన టీ అందుకుని ఊదుకుంటూ తాగాడు. తాళాలాయన కూడా ఎదురు ప్రశ్న వెయ్యలేదు.