పడమటి మూల

ముందుది వెనక, వెనకది ముందు చెబుతానేమో, నువ్వే సర్దుకుని విను మరిదీ. అన్నీ గుర్తుంటున్నాయి గానీ వరసలో నిలబడటం లేదు. ఆ కుర్చీ వద్దు, దాని కాలు ఊగుతోంది. ఈ అద్దెకొంపలో నాకన్నా పాతది అదొక్కటే. ఇటు మంచం మీద కూర్చో.

ఏం, నేనేమన్నా కోటలు కట్టమన్నానా? ఉన్న ఇల్లు పడగొట్టారు. సరే, పాతదైపోయింది. కొత్తది కడుతున్నారు, సంతోషం. పునాది తవ్వేముందు మట్టి చూడటానికి ఇంజనీరు వస్తున్నాడంటే, పోనీలే, నాకు తెలిసిన ముక్క ఒకటి చెబుదామనుకున్నాను. అక్కడే మొదలైంది నా ఖర్మ.

ఆ గొయ్యి సంగతి నీకు తెలుసు కదా. మీ అన్నయ్య గోడలకని మన స్థలంలోనే మట్టి తవ్వించారు. ఇల్లు లేచాక అక్కడ మనిషి లోతు గొయ్యి మిగిలింది. దాన్నేం చేశాం? పెంకుముక్కలు, పొయ్యి బూడిద, విరిగినవీ అరిగినవీ అన్నీ అందులోనే పోశాం. నువ్వు గంప ఎత్తిన ప్రతిసారీ నడుము పట్టుకుని మూలిగేవాడివి. పెళ్ళికాని కుర్రాడికి నడుంనొప్పేమిటని మీ అన్నయ్య వేళాకోళం. నవ్వకు. ఆ నడుము ఇప్పుడూ అలాగే ఉందిగా.

అదే చెప్పాను ఇంజనీరుకి. బాబూ, ఇక్కడ పూడ్చిన గొయ్యి ఉంది, దాని మీద పునాది నిలవదు అని. ఎక్కడమ్మా అన్నాడు. ఇంటికి ఎదురుగా నిలబడితే ఎడమచేతి వైపు అన్నాను. చెయ్యి చాపి చూపించాను కూడా. ఇంజనీరు మనుషులు అక్కడ మట్టి చూసే గొట్టం నిలబెట్టారు. పై నుంచి బరువు ఎత్తి దాని నెత్తిన వేస్తుంటే టంగు టంగుమని మోత. గొట్టం దిగదే. మోకాలి లోతులోనే గట్టి మొరం తగిలింది.

ఇంజనీరు మా అబ్బాయి వైపు చూశాడు. మా అబ్బాయి, "అమ్మా, ఎండలో ఎందుకు, వెళ్ళి పడుకో" అన్నాడు. ఎంత మెత్తగా అన్నాడో. వాడు విసుక్కున్నా బాగుండేది మరిదీ. పసిపిల్లని లాలించినట్టున్న ఆ మెత్తదనానికే నాకు భయం వేసింది.

భయం ఎందుకంటావా? అప్పట్లో గ్యాసు కట్టేశావా అని రోజూ అడిగేవారు. కట్టేశాననేదాన్ని. అయినా వెళ్ళి చూసొచ్చేవారు. వాళ్ళ వెనకే నేనూ వెళ్ళి చూసేదాన్ని, అదీ నిజమే. ఇప్పుడు లేని గొయ్యి ఉందన్నానంటే ఇక నా మాటకి విలువేముంది? రేపు నా పేరు నేను చెప్పినా, ఇంకొకళ్ళని అడిగి చూస్తారు.

పక్కనే ఉన్న ఈ ఇంటికొచ్చి గిన్నె కడుగుతున్నాను. అప్పుడు తట్టింది. గంపతో గొయ్యి దగ్గరికి వెళుతుంటే సాయంకాలం ఎండ మొహాన కొట్టేది కదూ? కళ్ళు చిట్లించుకుని నడిచేదాన్ని. అంటే గొయ్యి పడమర. నేను చూపించింది తూర్పు.

ఎందుకలా జరిగిందో తెలుసా? అప్పుడు మన గుమ్మం సందులోకి ఉండేది. ఇప్పుడు రోడ్డు స్థలానికి అవతల పక్క పడింది, వాళ్ళు నన్ను అక్కడ నిలబెట్టారు. కొత్త రోడ్డు మీద నిలబడి పాత ఎడమచెయ్యి చూపించాను. పాత ఇల్లు ఉంటే గోడ చూసి పోల్చుకునేదాన్ని. పడగొట్టేస్తే ఉత్త నేలలో ఏ దిక్కని పోల్చుకోను?

తడిచేతులతోనే లేచాను. రెండడుగులు వేసి ఆగిపోయాను. ఆ పడమటి మూలనే కదా ప్లానులో నాకు గది వేసింది. కిటికీ, పక్కనే స్నానాలగది, నా పుస్తకాలకి గోడలో అలమర. మా అబ్బాయి ముగ్గు గీసి మరీ చూపించాడు. అక్కడ మట్టి మంచిది కాదని నా నోటితో నేనే చెప్పాలి.

ఊరుకుంటే? గది దక్కేది. మతి లేని ముసలిదానికి మంచి గది. రెండు వానలు పడ్డాక ఇల్లంతా బీటలు తీసేది. ఆ బీటల మధ్య వాళ్ళు పిల్లాపాపలతో బతకాలి. ఎలా ఊరుకోను, నువ్వే చెప్పు.

వెళ్ళి చెప్పాను. ఇంజనీరు అప్పటికే సామాను బండికెక్కించేశాడు. మా అబ్బాయి "అమ్మా" అని ఇంకా మెత్తగా మొదలుపెట్టాడు. అప్పుడు కోడలు, రోజూ నా వెనకే వెళ్ళి గ్యాసు చూసొచ్చే కోడలు, "ఒక్కసారి దింపి చూడండి, మన సొమ్మేం పోయింది" అంది. ఎవరి నోట ఎప్పుడు మంచి మాట వస్తుందో చెప్పలేం.

దింపారు. మోత లేదు. నానిన గోడలో మేకు దిగినట్టు దిగిపోయింది. పైకి లాగితే బూడిద, పెంకుముక్కలు, నల్లటి తేమ. ఇంజనీరు దాన్ని వేళ్ళతో నలిపి వాసన చూశాడు. చూశారా అని అనబోయి మింగేశాను.

గొయ్యంతా తోడి మళ్ళీ నింపడం కన్నా ఆ మూల వదిలేసి కట్టుకోవడం నయమన్నాడాయన. ఆ రోజు నుంచీ నేను ఏం చెప్పినా వింటున్నారు మరిదీ. గ్యాసు గురించి అడగడం కూడా మానేశారు. గది సంగతి నేను అడగలేదు. వాళ్ళూ ఎత్తలేదు. "చూద్దాంలే అమ్మా" అని మా అబ్బాయి ఒకసారి అన్నాడు, అదీ దేని గురించో సరిగ్గా చెప్పకుండా.

కొత్త ప్లాను నిన్న వచ్చింది. ఇదిగో, దిండు కింద పెట్టాను. ప్రతి గదిలోనూ అది ఎవరిదో రాశారు. అక్షరాలు చిన్నవే గానీ కళ్ళజోడు పెట్టుకుంటే నేనూ చదవగలను. చదవలేదు, అంతే. నువ్వే చూసి చెప్పు నాయనా, ఎవరెవరి పేర్లున్నాయో. తొందరేం లేదు, టీ తాగాకే చూడు.