పెళ్ళిసారు పెళ్ళి నోటీసు

సభకు అధ్యక్షత వహించిన మా పెద్ద అధికారిగారికి, నాలో నాకే తెలియని సుగుణాలు ఇరవై నిమిషాలపాటు కనిపెట్టిన ముఖ్య అతిథిగారికి, ముందు వరసలోని పెద్దలకి, వెనక వరసలో కూర్చుని ఫలహారాల బల్ల వైపే చూస్తున్న నా తోటి ఉద్యోగులకి, పనిమాలా సెలవు పెట్టి వచ్చిన మా బామ్మర్దికి, మా అమ్మాయికి, అందరికన్నా ముఖ్యంగా మూడో వరసలో కావాలనే స్తంభం పక్క కుర్చీ ఏరుకుని కూర్చున్న ఆవిడకి, నమస్కారం.

ఆవిడకి అన్నాను, మా ఆవిడకి అనలేదు. పొరపాటున కాదు. ఈ క్షణానికి అలా అనే హక్కు కాగితం ప్రకారం నాకు లేదు. (నవ్వులు) నోటీసు బోర్డు చదివినవాళ్ళు నవ్వుతున్నారు, చదవనివాళ్ళు ఏమిటేమిటని పక్కవాళ్ళని పొడుస్తున్నారు. కంగారు పడకండి, మొదటినుంచీ చెబుతాను.

ముప్పై ఎనిమిదేళ్ళు ఈ ఆఫీసులో పనిచేశాను. మొదటి ఎనిమిదేళ్ళు గుమాస్తాగా, తరవాత పెళ్ళిళ్ళు జరిపించే అధికారిగా. నా అసలు పేరు అడిగితే వీధి చివర ఎవరూ చెప్పలేరు, 'పెళ్ళిసారు' అంటే మాత్రం గది దాకా తెచ్చి దిగబెడతారు. పెళ్ళంటే ఆ పది నిమిషాల మాటలూ, చప్పట్లూ, ఫొటోలూ అనుకుంటారు అందరూ. మా పని అంతకు నెల ముందే మొదలవుతుంది. పుట్టినతేదీ కాగితం, ఇంటి చిరునామా కాగితం, ఇదివరకు పెళ్ళయి ఉంటే అది ఎలా ముగిసిందో చెప్పే కాగితం, ఇద్దరూ సంతకం చేసిన నోటీసు. ఆ నోటీసు ముప్పై రోజులు బోర్డు మీద ఉండాలి, అభ్యంతరం ఉన్నవాళ్ళు వచ్చి చెప్పుకోవాలి, ఆ తరవాత ముగ్గురు సాక్షుల్ని వెంటబెట్టుకుని రావాలి. ఇందులో ఒక్కటి తక్కువైనా నేను కదిలేవాణ్ణి కాదు. 'సార్, హాలు మాట్లాడేశాం, చుట్టాలు రైలెక్కేశారు' అని కాళ్ళావేళ్ళా పడ్డవాళ్ళున్నారు. 'దిగాక వాళ్ళకి ఊరు చూపించండి, ముప్పై రోజులయ్యాక రండి' అనేవాణ్ణి. నన్ను తిట్టుకోని పెళ్ళికొడుకు లేడు. పెళ్ళికూతురి పుట్టినరోజు ఎప్పుడంటే అరచేతిలో రాసుకొచ్చింది చూసి చెప్పినవాణ్ణి కూడా చూశాను. పాపం, చెమటకి నెల చెరిగిపోయింది. (నవ్వులు)

కాగితాలన్నీ సరిపోయాక నాదొక పద్ధతి ఉండేది. పెద్ద హాలు పక్కన చిన్నగది ఉంది చూశారా, ఒక బల్ల, రెండు కుర్చీలు, ఒక నీళ్ళ జగ్గు. అందులోకి ఇద్దర్నీ విడివిడిగా పిలిచి, తలుపు వేసి, 'ఇది మీ ఇష్టమేనా?' అని ఒక్క ప్రశ్న అడిగి ఊరుకునేవాణ్ణి. ఊరుకోవడమే అందులో కష్టం. అడగ్గానే 'ఆ, ఇష్టమే' అనేస్తారు ఎవరైనా. మనం నోరు మూసుకుంటే రెండో నిమిషంలో అసలు మాట వస్తుంది. ఒకాయన వాళ్ళమ్మతో సహా లోపలికొచ్చాడు, ప్రశ్న అడిగితే ఆవిడే 'ఇష్టమేనండీ' అంది. 'అమ్మా, మీ ఇష్టం రాసుకున్నాను, కాస్త బయట కూర్చుంటే మీ అబ్బాయిది కూడా రాసుకుంటాను' అన్నాను. మూడు వేల పైచిలుకు పెళ్ళిళ్ళు చేశాను గానీ, ఆ గదిలోంచి నాకు ఇష్టం లేదని చెప్పి ఇంటికి వెళ్ళిపోయినవాళ్ళు పదకొండు మంది ఉన్నారు, నా గర్వమంతా వాళ్ళని చూసుకునే. అలాంటి మనిషినండీ నేను. ఇప్పుడు నా ఇంట్లో ఏం జరిగిందో వినండి.

నెలన్నర కిందట రిటైర్మెంట్ కాగితాలు నింపుతూ కూర్చుంటే, భార్య పేరు పక్కన 'వివాహ ధ్రువపత్రం నకలు జతపరచవలెను' అని కనిపించింది. మా పెళ్ళి ఈ ఆఫీసులోనే జరిగింది, ముప్పై ఆరేళ్ళ కిందట, నేను ఇక్కడ గుమాస్తాగా ఉన్న రోజుల్లో. నకలు మాత్రం తీసుకోలేదు. ఆఫీసు మనదే కదా, రేపు తీసుకుందాంలే అనుకున్నాను. ఆ రేపు రావడానికి ఇన్నేళ్ళు పట్టింది. రికార్డు గది చూసే మా రికార్డుల మాస్టారిని అడిగాను. ఆయన రిజిస్టరు దుమ్ము దులిపి, నాలుగుసార్లు తుమ్మి, పేజీ తీసి చూసి, 'సార్, కాస్త మంచినీళ్ళు తాగుతారా' అన్నారు. అప్పుడే అనుమానం వచ్చింది.

ఆ కాలం రిజిస్టరులో పెళ్ళికొడుకు సంతకం, ముగ్గురు సాక్షుల సంతకాలు ముందు పేజీలో ఉండేవి. పెళ్ళికూతురికి వెనక పేజీలో చోటిచ్చారు. ఆ ఫారం తయారుచేసిన మహానుభావుడెవరో గానీ ఇంట్లో ఆయన్ని అడిగేవాళ్ళు లేరని నా నమ్మకం. మా కాగితాలు నేనే సిద్ధం చేసుకున్నాను, ఎక్కడ సంతకం పెట్టాలో పెన్సిలుతో ఇంటూ గుర్తులు కూడా నేనే పెట్టాను, అది గుమాస్తాగా నా రోజువారీ పని. ముందు పేజీలో నాలుగు గుర్తులు పెట్టి, పేజీ తిప్పడం మరిచిపోయాను. ఆ రోజు ఇద్దరు సాక్షులు వచ్చారు. మూడోవాడు మా బామ్మర్ది, అదిగో తల దించుకున్నాడు, మనవాడు వేరే ఆఫీసుకి వెళ్ళి అక్కడెవరిదో స్థలం అమ్మకానికి సాక్షి సంతకం పెట్టొచ్చాడు. (నవ్వులు) ఇక్కడ మూడో సాక్షి గుర్తు ఖాళీగా ఉంది, నేను కంగారులో ఉన్నాను, పెళ్ళికూతురు పక్కన ఉంది. ఆ గుర్తు మీద వేలు పెట్టి 'ఇక్కడ పెట్టు' అన్నాను. పెట్టింది. అప్పటి అధికారిగారు కూడా పేజీ తిప్పకుండానే సంతకం చేసి భోజనానికి వెళ్ళిపోయారు. కాబట్టి చట్టం దృష్టిలో ఆవిడ నా భార్య కాదు, నా పెళ్ళికి మూడో సాక్షి. పెళ్ళికూతురి చోటు ముప్పై ఆరేళ్ళుగా ఖాళీ.

ఇక్కడ నేనొకటి ఒప్పుకోవాలి. అధ్యక్షులవారు దయచేసి రెండు నిమిషాలు ఫోన్ చూసుకోవాలి. (నవ్వులు) రికార్డుల మాస్టారు మంచి మనసుతోనే, 'అమ్మగారి చేత ఇప్పుడో సంతకం పెట్టించేద్దాం సార్, ఎవరు చూడొచ్చారు' అన్నారు. ఏనాడూ ఒక్క తేదీ అటూ ఇటూ జరపని నేను, ఆ రిజిస్టరు సంచిలో పెట్టుకుని ఇంటికి తీసుకెళ్ళాను. భోజనాల బల్ల మీద వెనక పేజీ తెరిచి, వేలు పెట్టి, 'ఇక్కడో సంతకం పెట్టు' అన్నాను.

ఆవిడది కళ్ళజోళ్ళ దుకాణం. రోజంతా జనం చేత సన్నక్షరాలు చదివించే మనిషి. కుర్చీ లాక్కుని, తన కళ్ళజోడు తుడుచుకుని, రెండు పేజీలూ మొత్తం చదివింది. చదివి పగలబడి నవ్వింది. గండం గడిచిందనుకుని నేనూ నవ్వాను. తను ఆపేసింది.

'అప్పుడూ ఇలాగే వేలు పెట్టి చూపించారు' అంది.

పేజీ మీది వేలు మెల్లగా తీసేశాను.

'ఇల్లు కొన్నప్పుడూ అంతే, అమ్మాయిని బళ్ళో వేసినప్పుడూ అంతే. మీరు చూపించిన చోటల్లా పెట్టాను. గదిలో కూర్చోబెట్టి మూడు వేల జంటల్ని ఇష్టమేనా అని అడిగారని ఊరంతా చెప్పుకుంటారు. మరి నన్నెవరడిగారండీ?'

సిగ్గేసింది. ఇప్పుడు చెబుతుంటే కూడా వేస్తోంది.

రిజిస్టరు మర్నాడే బీరువాలోకి చేరింది, అధ్యక్షులవారు ఇక ఫోన్ కింద పెట్టొచ్చు. 'పద్ధతి ప్రకారం అయితే ఆలోచిస్తాను' అందావిడ. అంది, వచ్చింది, అందరితోపాటు కౌంటరు దగ్గర వరసలో నిలబడి నోటీసు ఫారం తీసుకుంది. గాజుతలుపు ఇవతలనుంచి నేను చెయ్యి ఊపితే, నన్నెక్కడా చూడనట్టు వెళ్ళిపోయింది. ఆ ఫారం వారం రోజులు మా ఫ్రిజ్ తలుపు మీద ఉంది. సంతకం పడిందా అని చూడ్డానికి వెళ్ళడం, పడలేదని సీసాడు నీళ్ళు తాగి రావడం. ఆ వారం నేను తాగినన్ని నీళ్ళు జన్మలో తాగలేదు. ఎనిమిదో రోజు పడింది, బోర్డు ఎక్కాం. వరుడికి అరవై, వధువుకి యాభై ఎనిమిది. బోర్డు ముందు ఒకావిడ ఆగి, 'ఈ వయసులో ఈయనకేం వచ్చిందండీ' అని నన్నే అడిగింది. 'ఏమోనండీ, మంచి సంబంధం దొరికినట్టుంది' అన్నాను. మా అమ్మాయి ఫోన్ చేసి, 'నాన్నా, నేను అభ్యంతరం పెట్టనా, సాక్షి సంతకం పెట్టనా?' అంది. ఏదైనా ఒకటే పెట్టాలమ్మా అన్నాను. (నవ్వులు)

ఆ ముప్పై రోజులూ నిన్నటితో అయిపోయాయి. నా కుర్చీలోకి వస్తున్న అధికారి, మేమంతా చిన్నమేడం అంటాం, నా దగ్గరే పని నేర్చుకుంది. నిన్న మధ్యాహ్నం ఆవిడని చిన్నగదిలోకి పిలిచి తలుపు వేసింది. నేను వెళ్ళి పెళ్ళికొడుకులు కూర్చునే బెంచీ మీద కూర్చున్నాను. ఆ బెంచీ అంత గట్టిగా ఉంటుందని ముప్పై ఏళ్ళలో నాకెవరూ చెప్పలేదు. అయిదు నిమిషాలైంది, పదైంది, నలభై అయింది. నా హయాంలో అత్యధికం పద్నాలుగు. తలుపు తెరిచాక, 'ఏమందమ్మా?' అని అడిగాను.

'అది చెప్పకూడదు సార్, మీరే నేర్పారు' అంది చిన్నమేడం. 'ఒక్క మాట మాత్రం చెప్పమన్నారు. ఆయన్నీ అడుగు, అడిగి ఊరుకో అన్నారు. లోపలికి రండి.'

వెళ్ళి కూర్చున్నాను. 'ఇది మీ ఇష్టమేనా?' అంది. 'ఇదేం ప్రశ్నమ్మా, రాసెయ్' అన్నాను. రాయలేదు, ఊరుకుంది. 'ఆవిడ లేకపోతే నా చొక్కా ఎక్కడుందో కూడా నాకు తెలియదు' అన్నాను. అన్నాక నాకే అనిపించింది, అది ఇష్టం కాదు, అవసరం. ఇంకా ఊరుకుంది. అప్పుడు చెప్పాను. సాయంత్రం దుకాణం మూసి ఆవిడ బస్సు దిగి మా వీధి మలుపు తిరగటం మా వరండాలోకి కనిపిస్తుంది. ఒక భుజాన సంచి, ఎవరితోనో వాదిస్తున్నట్టు తనలో తను మాట్లాడుకుంటూ, గబగబా వస్తుంది. ఆ రావడం చూడ్డం కోసం నేను పేపరు పట్టుకుని కూర్చుంటాను, పొద్దున చదివేసిన పేపరే. ఇన్నేళ్ళలో ఆ సంగతి ఆవిడకి ఎప్పుడూ చెప్పలేదు. ఇప్పుడు మైకులో చెప్పేశాను. (చప్పట్లు)

మీరు దేనికోసం చూస్తున్నారో నాకు తెలుసు. వెనక వరసలో వీడియో తీద్దామని రెండు ఫోన్లు లేచాయి, దింపండి నాయనా. ఇంతమంది ముందు అడిగితే కాదనడానికి నోరెలా వస్తుంది? ఆ గదికి తలుపు ఉన్నదే అందుకు. పొద్దున నేను చొక్కా గుండీలు పెట్టుకుంటుంటే ఆవిడ కూడా అదే చెప్పింది. 'సభ అయ్యాక చెబుతాను. సభలో అడిగారంటే మాత్రం లేదనేస్తాను.' కాబట్టి అడగను. రిజిస్టరులో సంతకం పడితే నాకు ఎంత సంతోషమో చెప్పలేను. పడకపోతే బాధపడతాను, అదీ దాచుకోను. కానీ ఏ కాగితమూ తనని పట్టి ఉంచలేదని తెలిశాక కూడా ఈ నెలన్నరా ఆ మనిషి రోజూ మా ఇంటికే వచ్చింది. నాకది చాలా పెద్ద మాట.

ఇక కృతజ్ఞతలు. నాకు పని నేర్పిన పాత అధికారులకి, నా చాదస్తం భరించిన తోటివాళ్ళకి, తిట్టుకుంటూనే ముప్పై రోజులూ ఆగిన పెళ్ళికొడుకులందరికీ... ఒక్క నిమిషం. మూడో వరసలో ఎవరో లేచారు. ఆవిడే. మైకు దగ్గరికి రమ్మంటే రానంటోంది. ఏమిటీ? వినపడలేదు, కాస్త గట్టిగా చెప్పు.

(మూడో వరసలోంచి: "నాలుగూ నలభై అయిందండీ! అయిదింటికి రిజిస్టరు బీరువాలో పెట్టేస్తారు. రేపు నాకు దుకాణం ఉంది, మళ్ళీ మళ్ళీ రాలేను. చెప్పింది చాలు, దిగి రండి!")

(పెద్దపెట్టున నవ్వులు, చప్పట్లు)

అధ్యక్షా, నేను అడగలేదు, మీరంతా విన్నారు! కృతజ్ఞతలు అందనివాళ్ళు ఏమీ అనుకోకండి, ఒక్కొక్కరికీ ఇంటికొచ్చి చెప్పుకుంటాను. ఆవిడ అప్పుడే గుమ్మం దాటేసింది. ఉండు, వస్తున్నా! అందరికీ నమస్కారం, సెలవు.