తలల లెక్క

(పెంకుటింటి వసారా. స్టూలు మీద భూముల ఆఫీసు గుమాస్తా. గుమ్మానికి అడ్డంగా ఆ ఇంటి కోడలు.)

"మళ్లీ మంచినీళ్లెందుకమ్మా? ఇందాకేగా తాగాను."

"ఎండన పడి వచ్చారు. ఇంకో గ్లాసు తాగండి సారూ."

"వద్దు. ముందు పని కానీ. ఇంట్లో ఎంతమంది?"

"నలుగురమండీ. మా ఆయన, నేను, అత్తయ్య, మామయ్య."

"పోయిన భూముల పంపకంలో ముగ్గురనే ఉందే?"

"అప్పటికి నాకు పెళ్లి కాలేదండీ. నేనొచ్చాక మళ్లీ పంచలేదు. ముగ్గురి భూమి మీదే నలుగురం బతుకుతున్నాం."

"సరేలే, ఈసారి నీ తలకీ వస్తుంది. నువ్వు... ఎన్నో నెల?"

"ఏడు. వీణ్ణి కూడా రాస్తారా?"

"పుట్టనివాణ్ణి ఎలా రాస్తానమ్మా?"

"పుట్టాక రాయండి, ఎప్పటిలాగే. ఇదివరకు ఇంట్లో మనిషి పెరిగితే భూమి పెరిగేది, మనిషి పోతే తగ్గేది. అంతేగా?"

"అదే ఎత్తేశారు. ఇదే ఆఖరి పంపకం. ఇవాళ సాయంత్రానికి ఇంట్లో ఎన్ని తలలుంటే అన్ని వాటాలు. ఆ తర్వాత ఎవరు పుట్టినా ఇవ్వరు, ఎవరు పోయినా తీసుకోరు. మన తాలూకాలో చేసి చూసి, బాగుంటే మిగతా చోట్ల పెడతారట."

"బాగోకపోతే?"

"ఇంకోటి చేసి చూస్తారు."

"రెండు నెలలు ఆగితే ఏం పోయేది సారూ? పక్కింట్లో కవలలు మొన్ననేగా పుట్టారు. వాళ్లకి రెండు వాటాలు. వీడికి జీవితాంతం లేనట్టేనా?"

"నన్నడిగితే ఏం చెప్పనమ్మా? ఏడాది లోపల ఫలితం చూపించాలని పైవాళ్ల ఆత్రం. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఉమ్మడి సాగన్నారు, గట్లన్నీ తీయించాను. అది పనికిరాదన్నారు, అవే గట్లు మళ్లీ దగ్గరుండి వేయించాను. నా మోకాళ్లు అరిగిపోయాయిగానీ వీళ్ల ప్రయోగాలు అయిపోలేదు."

"మామయ్య కూడా అదే అనేవారు... అంటుంటారు."

"ఏమని?"

"వాళ్లు కొత్త కలం కొన్నప్పుడల్లా రాస్తుందో లేదో మన పొలం మీద గీసి చూసుకుంటారని."

"ఆయన నోరు నాకు తెలీదా! గట్లు తీయించిన రోజున నా కొలత గొలుసు లాక్కుని కాలవలో పారేశాడు. మళ్లీ తనే దిగి, వెతికి తెచ్చిచ్చాడనుకో. పిలువమ్మా, ఒకసారి చూసి వెళ్తాను."

"పడుకున్నారండీ."

"లేపు."

"ఒంట్లో బాగోలేదండీ. రాత్రంతా ఒకటే దగ్గు. ఇప్పుడే కాస్త కునుకు పట్టింది."

"మనిషిని కళ్లారా చూస్తేగానీ రాయకూడదమ్మా. పై వీధిలో ఎప్పుడో పోయిన తాతను కూడా లెక్కలో చెప్పబోయారు."

"మా ఇంట్లో అలాంటిదేం లేదండీ."

"ఉందని నేనన్నానా?"

"వేలిముద్రేగా కావాలి? ఆ కాగితం, సిరా ఇలా ఇవ్వండి. నేను వేయించుకొస్తాను."

"నా ఎదుట వేయాలి."

"మీకెందుకు సారూ శ్రమ..."

"మీ ఆయన ఏడి?"

"పొలానికెళ్లారు."

"తండ్రికి ఒంట్లో బాగోకపోతే పొలానికా?"

"ఇంట్లో ఉండలేకపోయారండీ."

"ఉండలేకపోవడమేంటి?"

"అదే... పనుండి. నీళ్లు పెట్టాలని."

"వాన మొన్ననేగా పడింది?"

"పడింది. అయినా వెళ్లారు."

"లోపల ఆ చప్పుడేంటి?"

"అత్తయ్యండీ. ఆయన పక్కన కూర్చుని విసురుతున్నారు. ఉక్కగా ఉందిగా."

"పెద్దమ్మగారూ, బాగున్నారా? ...పలకరేం?"

"ఆవిడకు సరిగా వినపడదండీ."

"పోయినసారి నేను గొణుక్కున్నది కూడా విని తిట్టిపోసిందే!"

"ఇప్పుడు... తగ్గింది."

"కాస్త పక్కకు జరుగమ్మా."

"సారూ..."

"గడప దాటను. ఇక్కణ్ణుంచే చూస్తాను."

"లోపల చీకటండీ. ఏం కనపడదు. మీ కాళ్లు పట్టుకుంటాను, వద్దు సారూ..."

"లే, లే. కడుపుతో ఉండి ఆ వంగడమేంటి? లే. జరుగు."

"జరిగానండీ. అక్కణ్ణుంచే చూడండి."

"ఇంత ఉక్కలో గడ్డం దాకా దుప్పటి కప్పారే?"

"చలంటున్నారండీ."

"ఊఁ."

"పొద్దున మాట్లాడారు సారూ. ఒట్టు. నా కడుపు వైపు చూసి, 'వీడికేం మిగల్చరా వీళ్లు?' అన్నారు. 'నా వాటా వీడు తింటాడులే, సాయంత్రం దాకా ఉంటాను, కంగారుపడకు' అన్నారు. అలా అని..."

"అలా అని?"

"అలా అని పడుకున్నారు."

"ఊఁ. ఆ స్టూలు ఇలా జరుపు. నిలబడి రాయలేను."

"ఏం రాస్తున్నారు సారూ?"

"నలుగురు. పెద్దాయన నిద్రలో ఉన్నారు, నేను చూశాను."

"మరి వేలిముద్ర?"

"లేవలేని మనిషైతే నా సంతకం సరిపోతుంది."

"తర్వాత ఎవరైనా అడిగితే... మీ ఉద్యోగం..."

"ఎవరడుగుతారు? వచ్చే ఏడాదికి దీన్నీ ఎత్తేసి ఇంకోటి పట్టుకొస్తారు. ఆ సంచి అందుకోమ్మా. ఇంకా సగం వీధి మిగిలుంది."

"సారూ..."

"ఏం మాట్లాడకు. చెప్పేది విను. గడువు పొద్దుగూకేదాకా. ఎవరొచ్చినా నిద్రపోతున్నారనే చెప్పు. అప్పటిదాకా మీ అత్తయ్యను ఎలాగోలా ఓర్చుకోమను. పొద్దుగూకాక మీ ఆయన్ని పిలిపించి, తలుపులు బార్లా తీసి, ముగ్గురూ గట్టిగా ఏడవండి."