కాల్మన్ సంతకం

మళ్ళీ పెట్టెతో దిగావా అమ్మాయ్! ఇంకేం మిగిలిందని? పోయినసారి మీ మ్యూజియంవాళ్ళు మా తమ్ముడు పళ్ళు కట్టించుకున్న కాగితం కూడా వదలకుండా పట్టుకుపోయారు. రంగు తుడిచి పారేసిన గుడ్డలేమైనా ఉన్నాయా అని మీవాడొకడు నా మంచం కిందకి దూరాడు! వాడు బతికున్నప్పుడు ఆ బొమ్మలు మెట్ల దగ్గర ఆనించి పెడితే ఇంటి ఓనరు "ఈ చెత్త తియ్యండి" అని అరిచేవాడు. ఇప్పుడు మీకేమో చెత్త కూడా కావాలి.

సరే, కూర్చో. ఆ కుర్చీ కాదు, దాని కాలు ఊగుతుంది. ఇటు. టీ పోస్తా. పాలా? పాలేంటే పిచ్చిపిల్లా, నిమ్మచెక్క వేసుకో, చక్కెర ముక్క పంటి కింద పెట్టుకో. రెండేళ్ళుగా ఈ బ్రాంక్స్ చుట్టూ తిరుగుతున్నావు, టీ తాగడం మాత్రం రాలేదు.

ఊఁ, ఏదీ, చూపించు.

ఇవి... ఇవెక్కడివి?

పెషే పంపిందా? హైఫా నుంచి? నాకొక్క ముక్క చెప్పకుండా నేరుగా మీ ఆఫీసుకే?

మా చెల్లెలమ్మా, ఇజ్రాయెల్‌లో ఉంటుంది. ముగ్గురం మేము. నేను పెద్దదాన్ని, నా తర్వాత కాల్మన్, ఆఖరిది పెషే. అప్పటి రష్యాలో గ్రోద్నో దగ్గర తోళ్ళు శుభ్రం చేసే ఊరు మాది, యూదులం. నేనూ కాల్మన్ పంతొమ్మిది వందల పన్నెండులో అమెరికా ఓడెక్కాం. నాకు పంతొమ్మిది, వాడికి పదహారు. పెషే అప్పటికి ఐదేళ్ళది, అమ్మానాన్నల దగ్గరే ఉండిపోయింది. నేనిక్కడ చొక్కాలకి కాలర్లు కుట్టాను, ముప్ఫై ఏళ్ళు. వాడు టోపీల షాపులో కొన్నాళ్ళు ఇస్త్రీ చేసి, అది మానేసి బొమ్మల్లో పడ్డాడు.

అమ్మకి కాల్మన్ రాసిన ఉత్తరాలు... నలభై ఆరా? లెక్కపెట్టావా? అమ్మ అన్నీ దాచిందన్నమాట. పెషే కోటు లోపల కుట్టుకుని, యుద్ధంలో పారిపోతూ తాష్కెంట్ దాకా మోసుకుపోయిందా!

పుస్తకం వేస్తారా? దేనికి? ఓ, తన బొమ్మల గురించి తనే ఇంత చక్కగా రాసుకున్న చిత్రకారుడు లేడు, అంతేనా? మా యిడ్డిష్‌ని ఇంగ్లీషులోకి మార్చే మీ తర్జుమా ఆయన అన్నాడా? ఏదీ, ఏ ముక్క అంత నచ్చింది? ఆ నల్లబొమ్మ ముక్కా? ఆగు, చదవకు, నేను చెప్తా.

"అమ్మా, ఈసారి బొమ్మంతా నలుపే. భయపడకు. నాన్న తోళ్ళు నానేసే తొట్టి గుర్తుందా? పొద్దున్నే మూత తీసి తొంగిచూస్తే మన మొహం కూడా కనబడదు. కానీ లోపల ఏదో మెల్లగా మెత్తబడుతోందని తెలుస్తుంది. ఆ నలుపే ఇది."

అలా చూడకు నన్ను. కాగితం చూడకుండా ఎలా చెప్పానంటావా? ఎందుకు చెప్పలేను మరి!

నేనే రాశాను గనక.

అన్నీనమ్మా. నలభై ఆరూ. కింద ఆ సంతకం కూడా.

రాత అచ్చం వాడి రాతలాగే ఉందంటావు. ఉండదా? ఆడపిల్లకి చదువెందుకని నాన్న నాకు వేరే పుస్తకం కొనలేదు. కాల్మన్ పక్కన కూర్చుని వాడి అక్షరాలు చూసే దిద్దుకున్నాను. వాడి వంకర నాకూ అంటుకుంది.

ఎందుకు రాశానా? వాడు రాయలేదు కాబట్టి!

పంతొమ్మిది వందల ఇరవైలో ఊరి మీదకి సైనికులొచ్చారు. నాన్నని తోళ్ళ కొట్టు గుమ్మంలోనే చంపేశారు. అమ్మ ఉత్తరం రాసింది. కొడుకువి నువ్వొక్కడివే, నాన్న కోసం నువ్వే ప్రార్థన చదవాలి అని. కాల్మన్ అది నిలబడే చదివాడు. మడత పెట్టి నా చేతికిచ్చాడు. వెళ్ళి కుంచెలు కడుక్కున్నాడు. "అక్కా, ఇకమీద అక్కణ్ణుంచి ఏదొచ్చినా నాకు చూపించకు. ఇంకొకటి చదివితే నా చెయ్యి ఇక లేవదు" అన్నాడు. ప్రార్థనకి వెళ్ళలేదు. నేను తిట్టాను, ఏడ్చాను.

అమ్మ ఉత్తరాలన్నీ నా అడ్రసుకే వచ్చేవి. "నా కొడుకు బతికున్నాడా, నా దగ్గర ఏదైనా దాస్తున్నారా?" అని అడగడం మొదలుపెట్టింది. ఏం చెయ్యమంటావు? బాగానే ఉన్నానమ్మా, కాల్మన్ అని రెండు ముక్కలు రాసి పడేశాను. ఆవిడ ఊరుకుంటుందా? ఏం బొమ్మలు వేస్తున్నావు నాన్నా అని అడిగింది.

నాకేం తెలుసు బొమ్మల గురించి! ఆదివారాలు వాడి గదికెళ్ళి, ఉడికించిన బంగాళాదుంపలూ ఉప్పుచేపా అక్కడ పెట్టి, ఆ బొమ్మల ముందు కూర్చునేదాన్ని. ఏంటిది కాల్మన్ అంటే "చూడు" అనేవాడు. అంతే. చూశాను. చూసి చూసి, అమ్మకి అర్థమయ్యేలా ఏం చెప్పాలా అని వారమంతా కాలర్లు కుడుతూ ఆలోచించేదాన్ని.

వాడికి తెలుసా అంటావా?

తెలిసింది. యుద్ధం అయ్యాక, పంతొమ్మిది వందల నలభై ఆరులో. ఇక్కడి మా ఊరివాళ్ళ సంఘానికి చనిపోయినవాళ్ళ జాబితా వచ్చింది. అమ్మని నలభై రెండు నవంబరులో జర్మన్లు ఊరి బయట గోతి దగ్గర... అందరితోపాటే. ఆ మర్నాడు కాల్మన్ వచ్చాడు. టోపీ కూడా తియ్యలేదు. "అమ్మ ఉత్తరాలు చదువక్కా" అన్నాడు. ఇరవయ్యారేళ్ళ తర్వాత!

చదివాను. ఒకదాంట్లో అమ్మ రాసింది, "నువ్వు రాసిన తొట్టి ముక్క వీధిలో ఆడవాళ్ళందరికీ వినిపించాను, పెషే ఏడ్చింది" అని. దాటేద్దామనుకున్నాను, నోరు జారిపోయింది.

"ఏ తొట్టి?" అన్నాడు.

నేను ఆ ఉత్తరం మడత పెట్టేశాను.

"నేనేం రాశానక్కా?"

చెప్పాను. గుర్తున్నవన్నీ వరసగా చెప్పాను. బల్ల మీదున్న బట్ట అంచు నలుపుతూ విన్నాడు. తర్వాత "బాగా రాశాను" అన్నాడు. అంతే. ఒక్క తిట్టు తిట్టలేదు.

ఏడవకు పిల్లా. ఏడవాల్సిన చోటికి ఇంకా రాలేదు.

ఏమంటున్నావు? పుస్తకం మీద నా పేరు వేస్తావా? కాలర్లు కుట్టిన అక్క రాసిందంటే జనం ఇంకా ముచ్చటపడతారా? భలేదానివే! ఆగాగు. మీ తర్జుమా ఆయన నలభై ఆరూ చదివాడా? బొమ్మల ముక్కలు మాత్రమే ఏరుకున్నాడా? అదీ సంగతి. ఈ పైనున్న చీటీ కూడా చదవలేదా? ఇది పెషే చేతిరాత. చదువుతా విను.

"నీలం దారం కట్టిన మూడు ఉత్తరాలు ముందు చదవండి. మీరు గొప్పవాడంటున్న మా అన్న ఎలాంటివాడో అందులో ఉంది."

విన్నావా? ఏదీ, ఆ నీలం దారం విప్పు.

ముప్ఫై ఆరు, ముప్ఫై ఏడు, ముప్ఫై ఎనిమిది సంవత్సరాలవి. "నన్ను తీసుకుపో నాన్నా, ఇక్కడ రోజులు బాలేవు, నిన్ను చూసి పోతాను" అని అమ్మ మూడు సార్లు అడిగింది. ఈ దేశపు పౌరుడైన కొడుకు సంతకం పెడితే తల్లిని రానిచ్చేవాళ్ళు అప్పుడు. నేను పెట్టినా రానిచ్చేవాళ్ళే.

ఇవి ఆ మూడింటికీ జవాబులు. "ఈ ఏడు వద్దమ్మా, పెద్ద ప్రదర్శన ఉంది." "గది ఇరుకు, వచ్చే వసంతంలో చూద్దాం." మూడోదాంట్లో అదీ లేదు, "తొందరపడకు" అంతే. కింద కాల్మన్.

వాడికి ఆ సంగతే తెలియదు. ఆరోజు నన్ను అడిగాడు కూడా, "అమ్మ ఎప్పుడైనా ఇక్కడికొస్తానందా అక్కా?" అని. లేదన్నాను. మొహంలోకి చూస్తూ చెప్పాను.

పెషే బతికి బయటపడిందని తెలిసి ఎంత సంబరంగా ఉత్తరం రాసుకున్నాడనుకున్నావు! వాడు తన చేత్తో రాసింది అదొక్కటే. పెషే దాన్ని విప్పకుండానే తిప్పి పంపేసింది. ఆ కవరు మీ దగ్గరే ఉంది, ఏ అట్టపెట్టెలో పడేశారో. "పెషేకి నేనేం చేశానక్కా?" అని పోయేదాకా అడుగుతూనే ఉన్నాడు. యుద్ధంలో దానికి మతి చెడిందిలే అన్నాను.

నాకు మాత్రం ప్రతి కొత్త సంవత్సరానికీ కార్డు పంపుతుంది. "ఆ ఇంట్లో గుండె ఉన్నది నీకొక్కదానికే అక్కా" అని రాస్తుంది.

భయమా? అమ్మ వస్తే గుట్టు బయటపడుతుందనా? అదీ ఉంది. చాలా ఏళ్ళు నాకు నేనూ అదే చెప్పుకున్నాను. కానీ నిజం వేరమ్మా.

కాల్మన్‌కి రాసే ఉత్తరాల్లో అమ్మ "నా బంగారం, నా కళ్ళు, నీ మాట చదివితే కడుపు నిండుతుంది" అని నాలుగు పేజీలు రాసేది. చివర్న "ఫ్రూమాకి దగ్గు తగ్గిందా?" అని ఒక్క ముక్క. చిన్నప్పటి నుంచీ నాకు ఆ ఒక్క ముక్కే. కాల్మన్ పేరుతో రాస్తే ఆ నాలుగు పేజీలూ నాకొచ్చేవి. ఆవిడ మెచ్చుకున్న ప్రతి మాటా నాదే కదా! అమ్మ వచ్చేస్తే ఉత్తరాలు ఆగిపోతాయి. వచ్చి నన్ను మళ్ళీ దగ్గు తగ్గిందా అనే అడుగుతుంది.

అందుకని రావద్దని రాశాను. ఇంకొక్క ఏడాది, ఇంకొక్క ఏడాది అని. వాళ్ళు వచ్చి చంపుతారని నాకేం తెలుసు, అంటావేమో. నాన్నని చంపిన ఊరేగా అది. తెలియకపోవడమేంటి?

పెన్ను తీశావుగా, రాసుకో. నా పేరు వెయ్యి, వద్దనను. కానీ తొట్టి ముక్క ఫ్రూమాది, ఈ మూడు కాల్మన్‌వి అంటే కుదరదు. వేస్తే నలభై ఆరింటికీ వెయ్యి. హైఫాకి ఒక కాపీ పంపు, పెషే అడ్రసు నీ దగ్గర ఉందిగా. ఆ కార్డులు ఎలాగూ ఆగిపోతాయి. పోనీలే.